మేకులక్క తొక్కుడు పలకలు

మీరే చేశారు. గాలి కాదు, ఖర్మ కాదు, మీరే. "భద్రతే మన ఊపిరి" అని రాసిన గుడ్డ కింద తెల్ల కుర్చీల్లో కూర్చుని, చల్లటి నీళ్ల సీసాలు బుగ్గలకు ఆనించుకున్న మీరందరూ కలిసి చేశారు. పలకలు తియ్యమన్నవాడు ఒకడు. తీసినవాడు ఒకడు. తీస్తుంటే చూస్తూ, కుర్చీని నీడలోకి జరుపుకున్నవాళ్లు మిగతా అందరూ. ఆ తర్వాత "అయ్యో, పైన మనిషుందని మాకు తెలీదే!" అన్నారు. తెలియడానికి చదువు అక్కర్లేదు, తల పైకెత్తితే చాలు. ఆ తల ఎత్తడానికి కూడా కూలిమనిషిని పెట్టుకోవాలా?

మునగచెట్టు ఎక్కించేవాళ్లను అందరం చూశాం. వాళ్లు మాటలతో ఎక్కిస్తారు. కిందపడితే పరువు విరుగుతుంది గానీ నడుం విరగదు. ఇది నిజం కప్పు ఎక్కించి, నిజంగానే కాలికింద చెక్క లాగేసిన సంగతి.

ఒక కంపెనీ తన ఆవరణలో కొత్త హాలు కట్టించింది. ఎందుకయ్యా అంటే, పనివాళ్లు ప్రమాదాల పాలవకుండా ఎలా పనిచెయ్యాలో నేర్పడానికట. కప్పు మాత్రం గోడకు ఆనించిన నిచ్చెనలా నిటారుగా పెట్టించారు. పిల్లల బొమ్మల పుస్తకంలో ఇల్లులా ఉండాలని కంపెనీ పెద్దాయనకు ముచ్చట. అందుకే పొయ్యి లేని ఆ హాలుకు పొగగొట్టం కూడా పెట్టించాడు. ముచ్చటపడ్డవాడు కప్పు ఎక్కడు. ఎక్కేవాళ్ల ముచ్చట ఎవడూ అడగడు.

ఆ కప్పు మీద వేసేవి మట్టి పెంకులు కావు, షింగిల్స్. తారు పట్టించి పైన ఇసకరవ్వ అద్దిన పలుచటి అట్టల్లాంటివి. చూరు దగ్గర మొదలుపెట్టి, చేప పొలుసుల్లాగా వరస మీద వరస కప్పుకుంటూ కొప్పుదాకా పోవాలి. చూడ్డానికి గరుకుగా ఉంటాయి, కాలు నిలుస్తుందనే అనిపిస్తుంది. ఎండెక్కితే తారు మెత్తబడి, ఆ రవ్వ కాలికింద ఆవగింజల్లా దొర్లుతుంది. చినుకు పడిందా, ఇక అది సబ్బు రాసిన బండే.

ఆ పని చేసింది మేకులక్క. అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తులేదు. పనిచేసేటప్పుడు నోటినిండా మేకులు పెట్టుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు, నోరు తెరిస్తే మేకులే రాలతాయి కాబట్టి వచ్చిందని కొందరు అంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదట. మేకులక్క నోరు మంచిది కాదు, ఆమెకు తగిలిన ఊళ్లూ మంచివి కావు. లెక్క సరిపోయింది.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. తొక్కుడు పలకలు లేకుండా కప్పు మీద కాలు పెట్టదు, ఇంకొకర్ని పెట్టనివ్వదు. వేసిన షింగిల్ అంచు మెల్లగా పైకెత్తి, దాని కింద ఇనుప కొక్కెం జొనిపి, సుత్తితో టకటకా కొట్టి చూస్తుంది. డొల్ల చప్పుడైతే కింద ఉత్త ప్లైవుడ్డే. గట్టి చప్పుడైతే వాసం ఉన్నట్టు. వాసంలోకి దిగేలా మేకులు కొట్టి, ఎత్తిన అంచు మళ్లీ మూసేస్తే మేకు కనపడదు, నీళ్లు దిగవు. అలా పక్కపక్కన బిగించిన కొక్కేల మీద పొడుగాటి పలక పడుకోబెడితే, దానిమీద నిలబడి మనిషి మనిషిలా పనిచెయ్యొచ్చు, బల్లిలా పాకక్కర్లేదు. పలకలు కూడా తనే ఏరుకుంటుంది. కలపలో ముడి కనిపిస్తే పక్కన పారేస్తుంది. "ముడి ఉన్న పలకా, మొహమాటం ఉన్న మనిషీ ఒకటే, బరువు పడ్డప్పుడే విరుగుతాయి" అంటుంది.

పలకలు ఎక్కించేటప్పుడు కిందినుంచి పైకి వెళ్లాలి, తీసేటప్పుడు పైనుంచి కిందికి రావాలి. "ఇవి చొక్కా బొత్తాలు కావురా, ఎటునుంచి పడితే అటునుంచి విప్పడానికి" అని తమ్ముడికి చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమె మొగుడూ కప్పుల పనివాడే. ఇదే కంపెనీ గోదాము కప్పు మీద ఒక షింగిల్ లేచిపోతే, "ఇంత చిన్న పనికి పలకలెందుకయ్యా, ఎక్కి నాలుగు దెబ్బలు కొట్టి దిగిపో" అన్నాడు, ఇప్పుడీ హాలు పనులు చూస్తున్న మేనేజరే. మేకులక్క మొగుడు మొహమాటపడి సరేనన్నాడు. ఎక్కాడు, కొట్టాడు, దిగాడు కూడా. నిచ్చెన మీదనుంచి మాత్రం కాదు. తుంటి విరిగింది. అది పనివాడి సొంత అజాగ్రత్త అని కంపెనీ తేల్చేసింది. అప్పట్నుంచీ ఆయన చేతికర్రతో వంటింట్లో తిరుగుతూ, గరిటెను సుత్తిలా పట్టుకుని ఇంటిల్లిపాదికీ వండిపెడుతున్నాడు.

హాలు ప్రారంభం రోజు పొద్దున ఆమె బయల్దేరుతుంటే ఆయన గరిటెతోనే వాకిట్లోకి వచ్చాడు.

"పలకలు చూసుకో."

"ఎవరికి చెబుతున్నావయ్యా? నాకా?"

"నీకు కాదే. మీ తమ్ముడికి చెప్పు. వాడు ఎవడేం చెప్పినా సరే అంటాడు. నేనూ ఒక్కసారే సరే అన్నాను."

మేకులక్క సుత్తి నడుముకు దోపుకుని వాకిలి దాటింది.

తమ్ముణ్ని పనిలో అందరూ సరేసారు అంటారు. నోట్లోంచి వేరే మాట రాదు. మెత్తని మనిషి, చేతిలో పని ఉంది, వెన్నులోనే వాసం లేదు. ఎవరైనా చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎదురొస్తే చాలు, అడక్కముందే తల ఊపేస్తాడు.

ఆ రోజు కొప్పు మీద కాస్త పని మిగిలింది. రెండు వాలులూ కలిసేచోట వేసే కొప్పు ముక్కలు ఆలస్యంగా చేరాయి. ఆవరణ శుభ్రంగా కనపడాలని మిగతా సామానంతా లారీ ఎక్కించి పంపేశారు. ముందు వాలు మీద మూడు వరసల పలకలు మాత్రం ఉంచారు. చూరు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, కొప్పు కింద ఒకటి. వెనక వాలు ముందుదానికంటే నిటారు, దాని పని ఎప్పుడో అయిపోయింది, అటు పలకలు లేవు.

నడుముకు కట్టుకునే బెల్టూ తాడూ అడిగింది మేకులక్క. ఉన్నాయి. కంపెనీ మంచివే కొన్నది. కానీ వాటిని హాలు గుమ్మంలో ప్రదర్శన బల్ల మీద అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన "ముట్టుకోరాదు" అని అట్ట నిలబెట్టారు. "ఫంక్షన్ అవగానే నీకేనమ్మా" అన్నాడు మేనేజరు. ప్రాణం కాపాడే తాడుకు ఫంక్షన్‌దాకా ఆగే ఓపిక ఉంటుంది. ప్రాణానికే ఉండదు.

సరే, ఎక్కింది. పై పలక మీద నిలబడి, పొగగొట్టానికి అవతల, కొప్పు ముక్కలు కొట్టుకుంటూ పోతోంది. అప్పుడే కింద మేనేజరుకు రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. వేదిక బల్లలు తక్కువపడి సరిగ్గా మైకు పెట్టేచోట నడుమ ఖాళీ మిగిలింది. రెండోది, ఫొటోలు తీసేవాడు కప్పు వైపు చూసి, "సార్, ఆ చెక్కలేంటి సార్, మొహం మీద ప్లాస్టరు వేసినట్టు?" అన్నాడు.

మేనేజరు బుర్ర చురుకైనది. రెండు కష్టాలనూ ఒకదానితో ఒకటి తీర్చేశాడు.

"ఒరేయ్ సరేసారూ, ఆ పలకలు తీసి వేదిక మధ్యలో వెయ్. కొక్కేలు కూడా తీసెయ్, మెరుస్తున్నాయి."

"అక్క పైనుంది సార్."

"ఉండనీ. పొగగొట్టం వెనక ఎవరికీ కనపడదు. పెద్దాయన వెళ్లగానే మళ్లీ పెట్టుకుందువు గానీ."

"అక్క తిడుతుంది సార్."

"మీ అక్క తిట్టని రోజుందా? నేను చెబుతున్నా కదా?"

"సరే సార్."

కింది పలక మీద నిలబడి నడిమి పలక తీశాడు. నిచ్చెన మీద నిలబడి కింది పలక తీశాడు. కొక్కేన్ని కిందినుంచి సుత్తితో పైకి తడితే మేకు తలల మీంచి జారి ఊడి వస్తుంది. ఆ మేకుల్ని లోపలికంటా దిగ్గొట్టాలి, తొందరలో అది మాత్రం చెయ్యలేదు. షింగిల్ అంచు మూసి దిగిపోయాడు.

పైన మేకులక్కకు ఆ చప్పుడు వినపడింది. ఏం కొడుతున్నావురా అని అడగబోయింది. నోటినిండా మేకులు. "ఊఁ?" అని మాత్రం అంది. నోట్లో మేకులుంటే మనిషి తిట్టలేదు, ఆ రోజు కొంప ముంచింది అదే. తమ్ముడు చూరు దగ్గర ఏదో సరిచేస్తున్నాడనుకుని తన పనిలో పడింది.

చివరి ముక్క అయిపోయింది. ఇంకో మేకు అక్కర్లేదు. దిగుదామని పై పలక మీద కూర్చుని, కుడికాలు కిందికి జార్చి నడిమి పలక కోసం వెతికింది. ఎప్పుడూ చేసేదే, చూడక్కర్లేదు, కాలికి తెలుసు. కాలికి ఏదీ తగల్లేదు. ఇంకాస్త జార్చింది. రవ్వ గరగరా రాలి చూరుదాకా దొర్లి, గాల్లోకి పోయి మాయమైంది. అప్పుడు చూసింది. మడమ కిందినుంచి చూరుదాకా నున్నగా దువ్విన తలలా కప్పు. దాని కింద తెల్ల కుర్చీలు.

కాలు వెనక్కి లాక్కుంది. పొగగొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత మేకులన్నీ అరచేతిలోకి ఊసి కేకేసింది.

"ఒరేయ్!"

నిచ్చెన కిర్రుమంది. చూరు పైన తమ్ముడి తలకాయ లేచింది, సూర్యుడికి భయపడే చంద్రుడిలా సగమే.

"నా పలకలేవిరా?"

"సార్ తియ్యమన్నారే అక్కా."

"తియ్యమంటే తీస్తావా? రేపు మీ అక్క తల తియ్యమంటే?"

"ఆ మాట అనలేదే సారు."

"అంటే తీద్దామనా? ఏవిరా పలకలు?"

తమ్ముడు వెనక్కి తిరిగి వేదిక వైపు చూశాడు. చెప్పనక్కర్లేకపోయింది. మైకు కింద పరిచిన ఎర్ర గుడ్డ అంచులోంచి ఆమె ఏరి ఏరి తెచ్చుకున్న పలకల కొసలు బయటికి కనపడుతున్నాయి. కొసకు తను పూసుకున్న నీలం గుర్తుతో సహా.

ఈలోపు మేనేజరు పరిగెత్తుకొచ్చి, మెడ నిక్కించి, గుసగుసగా అరిచాడు. గుసగుసగా అరవడం మేనేజర్లకు మాత్రమే వచ్చిన విద్య.

"అమ్మా, కేకలెయ్యకు! పెద్దాయన గేటు దగ్గరికి వచ్చేశాడు. కాస్త ఆ గొట్టం వెనక్కి ఒదిగి కూర్చో. ఫొటోల్లో పడకూడదు. గంటలో అయిపోతుంది. మనం మనం ఒకటి, సర్దుకుపోవాలి."

"మీరు కింద, నేను పైన. ఇందులో మనం ఎక్కడుందండీ?"

"అబ్బ, మాటకు మాట! కూర్చోడానికి పలకుందిగా!"

"దిగడానికి లేదుగా!"

"ఇప్పుడే దిగాలని రూలుందా?"

మేకులక్క ఆకాశం వైపు చూసింది. పొద్దున లేదు గానీ ఇప్పుడు గోదాము వెనకనుంచి నల్లటి మబ్బు, గొడ్డలికి సానపట్టినట్టు అంచు మెరుస్తూ లేస్తోంది.

"రూలు నాకు లేదు. దానికుంది," అంది. "వాన పడకముందు పలకలు పెడితే దిగుతాను. పడ్డాక పలకలు పెట్టడానికి వీడు ఎక్కలేడు, దిగడానికి నేను కదల్లేను. ఈ వీధిలో అన్నిటికంటే ఎత్తు నేనే. ఉరిమితే ముందు నాకే వినపడుతుంది. పిడుగు పడినా ముందు నాకే."

"ఫైరింజను పిలుద్దామా సార్?" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్! భద్రతా హాలు ప్రారంభానికి ఫైరింజనా? పేపర్లో పడితే నా బతుకు?"

"సరే సార్."

కారు హారను మోగింది. మేనేజరు మొహం మార్చుకుని గేటువైపు పరుగుతీశాడు. ఆయన మొహం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది, ఏ మొహం కావాలంటే అది తీసుకుంటాడు.

పెద్దాయన వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. అద్దాల పెట్టెలో ఉన్న బెల్టునూ తాడునూ చూసి "అద్భుతం" అన్నాడు. వేదిక ఎక్కి మైకు ముందు నిలబడ్డాడు, సరిగ్గా ఆ పలకల మీద. భారీ మనిషి. పలకలు ఒక్కసారి మూలిగాయి. ఆ మూలుగు మేకులక్కకు తెలుసు. తన పలక తన పేరు పెట్టి పిలిచినట్టయింది.

"సోదరులారా!" అన్నాడు పెద్దాయన. "పనివాడి కాలి కింద నేల గట్టిగా ఉండాలి. అదే మా సంస్థ ఆశయం." ఆగి, కాలితో వేదికను దబదబా తొక్కి చూపించాడు. "ఈ వేదిక చూడండి! ఎంత గట్టిగా ఉంది! మన భద్రత ఇంత గట్టిగా ఉండాలి!"

చప్పట్లు.

"ఉండదూ మరి," అంది మేకులక్క పొగగొట్టంతో. "ముడి లేకుండా ఏరిన కర్ర."

పొగగొట్టం మేనేజరు కంటే నయం, చెప్పింది వింది.

గాలి లేచింది. కొత్తగా కొట్టిన కొప్పు ముక్కలు పట్టుదలగా నిలబడ్డాయి, ఆమె చొక్కా మాత్రం జెండాలా కొట్టుకుంది. పలక గట్టిదే, కొక్కేలు వాసంలోనే ఉన్నాయి, తనే కొట్టింది. కానీ పలకకు రెయిలింగు ఉండదు. కూర్చుని, వీపు కప్పుకు ఆనించి, మడమలు పలక అంచుకు బిగించింది. మొగుడు గుర్తొచ్చాడు. ఆయన జారింది ఇంత ఎత్తు కూడా లేదు. ఆసుపత్రి మంచం మీద ఆయన మొదట అడిగిన మాట గుర్తొచ్చింది. "ఆ షింగిల్ సరిగ్గా కూర్చుందా?" ఆ పూట ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇప్పటిదాకా దిగలేదు.

ఇంట్లో ఇప్పుడు ఆయన ఆకాశం చూస్తూ ఉంటాడు. గరిటె చేతిలోనే ఉంటుంది.

"మబ్బు పట్టింది, త్వరగా ముగిస్తాను," అన్నాడు పెద్దాయన. వక్తలు ఆ మాట అన్నారంటే అసలు ప్రసంగం అప్పుడే మొదలైందని అర్థం. తన చిన్నతనం అందుకున్నాడు. తను కూడా ఒకప్పుడు చెట్టెక్కి పడ్డానని చెప్పాడు. అది మామిడిచెట్టో జామచెట్టో తేలేలోపు పెద్దగా ఉరిమింది.

అప్పుడు జరిగింది చూడాలి. కుర్చీల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. మనిషి కోసం లేవని తలలు చినుకు కోసం లేచాయి.

"అదెవరు?" అంది ముందు వరసలో ఒకావిడ. "కప్పు మీద ఎవరో ఉన్నారు!"

"మనిషే!"

"ఆడమనిషే!"

పెద్దాయన కూడా తిరిగి చూశాడు. మేనేజరు ముచ్చెమటలు కక్కుతూ మైకు దగ్గరికి దూకి, జీవితంలో ఎన్నడూ లేనంత తెలివి చూపించాడు.

"అది... అది మా ప్రదర్శనలో భాగం సార్! ఎత్తులో నిర్భయంగా పనిచేసే మా కార్మికురాలు! ప్రత్యక్షంగా!"

"శభాష్!" అన్నాడు పెద్దాయన. చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. ఫొటోలవాడు, కనపడకూడదన్న మనిషినే ఇప్పుడు వెతికి వెతికి తీశాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ ఎలుకకు కూడా ఎవరూ చప్పట్లు కొట్టి ఉండరు.

మేకులక్క అరచేయి తెరిచింది. ఇందాకట్నుంచీ పిడికిట్లో బిగించిన మేకులన్నీ వదిలేసింది. టింగు టింగుమంటూ కప్పు మీద దొర్లి, చూరు దాటి, వేదిక ముందు వడగళ్లలా పడ్డాయి. చప్పట్లు ఆగిపోయాయి.

"నేను ప్రదర్శన కాదు!" అంది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు, ఏళ్ల తరబడి సుత్తి చప్పుళ్ల మీదుగా మాట్లాడిన గొంతు. "నేను దిగలేక కూర్చున్నాను! నా కాలికింద పలకలు తీసి మీ కాలికింద వేసుకున్నారు! గట్టిగా ఉన్నాయని తొక్కి చూసుకున్నారుగా, ఆ పలకలే! ఇదే మేనేజరు మాట విని నా మొగుడు తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన అజాగ్రత్త అని రాశారు. ఈసారి ఏమని రాస్తారు? నిర్భయంగా పడిపోయిందనా?"

పెద్దాయన తన కాళ్లవైపు చూసుకున్నాడు.

"అమ్మా, సభా మర్యాద..." అన్నాడు మేనేజరు.

"దిగండి! ముందు మీరు దిగండి! మీరు దిగితే గానీ నేను దిగలేను!"

తమ్ముడు సరేసారు అప్పటికే వేదిక పక్కన ఉన్నాడు. వంగి ఎర్ర గుడ్డ పైకెత్తాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? వదులు!" అన్నాడు మేనేజరు.

"సరే సార్," అన్నాడు తమ్ముడు. ఒక పలక కొస పట్టుకుని లాగాడు.

"వదలమంటే!"

"సరే సార్, సరే సార్." పలక సగం బయటికి వచ్చింది.

"పెద్దాయన నిలబడి ఉన్నారురా!"

"సరే సార్, కాస్త కాలు తియ్యమనండి సార్."

వాడు ఎదురు తిరగలేదు. పుట్టి ఎన్నడూ ఎదురు తిరిగినవాడు కాదు, ఆ మాట వాడి నోటికి రాదు. నోరు ఒప్పుకుంటూ పోయింది, చేతులు లాక్కుంటూ పోయాయి. పెద్దాయన పక్కకు గెంతాడు. ఆయన గెంతగలడని కంపెనీలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ముందు వరసలో ఇందాక "ఎవరో ఉన్నారు" అన్న ఆవిడ సంచి కుర్చీలో పడేసి రెండో పలక కొస పట్టుకుంది. తర్వాత ఇంకొకరు. పలకలు చేతులు మారుతూ నిచ్చెన దగ్గరికి వచ్చాయి. తమ్ముడు కొక్కేలు నడుముకు తగిలించుకుని ఎక్కాడు. చూరు దగ్గర షింగిల్ అంచు ఎత్తి చూశాడు. వాడు దిగ్గొట్టకుండా వదిలేసిన మేకులు తలలు ఎత్తుకుని ఉన్నాయి. కొత్తగా కొట్టేపని లేదు, కొక్కేలు వాటికే తగిలించి కిందికి లాగితే కరుచుకున్నాయి. బద్ధకం ఆస్తి కాదు గానీ ఒక్కోసారి అక్కరకొస్తుంది.

"పని సగంలో వదిలేశావురా," అంది పైనుంచి మేకులక్క.

"తిట్టు అక్కా, తిట్టు," అన్నాడు వాడు, ముక్కు చీదుకుంటూ. "తిడుతూ ఉండు. నువ్వు తిడుతుంటే ఉన్నట్టు తెలుస్తుంది."

కింది పలక కూర్చుంది. దాని మీదెక్కి నడిమి పలక పెట్టాడు. మొదటి చినుకు పొగగొట్టం మీద పడింది. రెండోది మేకులక్క మెడ మీద. ఆమె పై పలక మీంచి వెనక్కి తిరిగి, బోర్లా ఆనుకుని, కాలు జార్చింది. ఈసారి కాలికి కర్ర తగిలింది. ఆ కర్ర మీద ఎర్ర గుడ్డ పోగులు ఇంకా అంటుకుని ఉన్నాయి. చీలమండ పట్టుకుని తమ్ముడు దారి చూపాడు.

"నువ్వు ముందు దిగక్కా. నేను సుత్తి తీసుకుని వస్తా."

ఆమె కింది పలక మీదికి, అక్కణ్నుంచి నిచ్చెన మీదికి, నిచ్చెన మీంచి నేల మీదికి వచ్చింది.

మళ్లీ చప్పట్లు. మీకు వేరే ఏమీ రాదా?

మేనేజరు జేబులోంచి సంతోషపు మొహం తీసి పెట్టుకున్నాడు. "అంతా సుఖాంతం! ఏమీ కాలేదుగా! రండి రండి, అందరూ కూర్చోండి, రెండు చినుకులే." తర్వాత నిచ్చెన దగ్గర నిలబడ్డవాళ్లతో గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకేం, ఆ కింది పలక లాగి ఇలా పడెయ్యండి. వందన సమర్పణ మిగిలుంది, మైకు దగ్గర ఖాళీగా ఉంది."

ఒకడు సరేనని నిచ్చెన మీద కాలు కూడా వేశాడు.

తమ్ముడు ఇంకా కప్పు మీదే ఉన్నాడు. నడిమి పలక మీద గొంతుక్కూర్చుని, పై పలక మీద అక్క వదిలేసిన సుత్తికోసం చెయ్యి చాపుతున్నాడు. వాడి కింద ఉన్నది ఆ కింది పలక ఒక్కటే.

మేకులక్క నిచ్చెన మొదట్లో నిలబడింది. నిచ్చెనెక్కబోయినవాణ్ని చొక్కా కాలరు పట్టి దించింది. తిట్టలేదు. తిట్టకపోయేసరికి అందరికీ భయం వేసింది.

"వినండి," అంది. "పైన మనిషుంటే కింది పలక ఎవడూ ముట్టడు. పెద్దాయన చెప్పినా ముట్టడు. పైది తీశాకే కిందిది. మనిషి దిగాకే ఫొటో. మీ వందనాలు నాకొద్దు, వాటిమీద నిలబడి ఎవడూ మేకు కొట్టలేడు. ఆ అద్దాల పెట్టె పగలగొడతారో తాళం తీస్తారో మీ ఇష్టం. బెల్టూ తాడూ బయటికి తీయండి. వాడికి అందించండి. ఫంక్షన్ అయ్యాక కాదు, వాన వెలిశాక కాదు. ఇప్పుడే. నా తమ్ముడు పైనున్నాడు."